పడవ మోటారు పంచనామా

పంచనామాలో చివరి వాక్యం ముందురోజే రాసి ఉంది. మోటారును విప్పడం ఒక్కటే మిగిలింది.

"పడవ నడుపు మునెయ్య లోతులేని చోట నడిపినందున బురద చేరి నీటి పంపు చెడిపోయినది. ఇందుకు అతని అజాగ్రత్తయే కారణము" అని డిప్యూటీ తహసీల్దారు త్రివిక్రమ్ తన చేత్తోనే చిత్తు రాసి, కాగితం పైభాగమంతా ఖాళీగా వదిలి, సీనియర్ అసిస్టెంటు అమృతవల్లి బల్ల మీద పెట్టించాడు. ఆ ఖాళీలో ఆమె నింపవలసినవి తేదీ, వేళ, సాక్షుల పేర్లు, విప్పిన భాగాల వివరం. ముప్ఫై మూడేళ్ల ఉద్యోగంలో ఆమె అటువంటి ఖాళీలు చాలా నింపింది. కింది వాక్యం ముందుగా పుట్టి పైవాక్యాలు తరవాత రావడం ఆమెకు కొత్త కాదు. అయినా ఆ ఉదయం తెల్లకాగితాలూ, ఉతికిన పాత పంచె ఒకటీ పట్టుకుని గిడ్డంగి ముందుకు వచ్చేటప్పుడు ఆ చిత్తును అన్నిటికన్నా అడుగున పెట్టుకుంది.

ముదిరంబేడు మండల ఆఫీసు వెనక గిడ్డంగి గోడ మీద, మోకాటి ఎత్తున, బురద గీత ఇంకా పోలేదు. వానలు వెలిసి మూడు వారాలయింది. చిన్నేరు పొంగిన మధ్యాహ్నం, ఏటిగడ్డ చేలల్లో బోరు గది కప్పు మీదికి ఎక్కి నిలబడిన పోలేరమ్మనూ ఆమె భర్తనూ తేవడానికి పోయినది ఈ మోటారు తగిలించిన పడవే. నడి ఏట్లో మోటారు వేడెక్కి ఆగిపోయింది. మునెయ్య తెడ్డు వేసుకుంటూ ప్రవాహానికి ఎదురుపోయి చేరడానికి ముప్పావుగంట పట్టింది. అప్పటికి కప్పు మీద భర్త ఒక్కడే ఉన్నాడు. పోలేరమ్మ మూడోనాడు తుమ్మకంపలో దొరికింది. ఆమె కూతురు పెట్టుకున్న అర్జీ మీద ఈ విచారణ. తప్పు మునెయ్యదని తేలితే అతని కాంట్రాక్టు ఉద్యోగం పోవడంతో ఆగదు. పోలీసు కేసు అవుతుంది, జైలూ కావచ్చు.

మోటారును చెక్క స్టాండుకు బిగించి గచ్చు మీద నిలబెట్టారు. విప్పడానికి సూళ్లూరుపేట నుంచి వరదయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. పులికాట్ సరస్సు మీది జాలర్ల మోటార్లు నలభై ఏళ్లుగా విప్పేదీ అతనే, మళ్లీ బిగించేదీ అతనే. సంచీలోంచి స్పానర్లు ఒక్కొక్కటే తీసి, చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా పరిచి, చుట్టూ చూశాడు.

"ఎవురప్పా దీన్ని నడిపేది?"

జీపు షెడ్డు స్తంభానికి ఆనుకుని ఉన్న మునెయ్య ఒకడుగు ముందుకు వేసి ఆగాడు. "నేనేనన్నా."

"మరి ఆడ నిలబడుకుంటే ఎట్లప్పా? ఈడికొచ్చి కాలు పట్టుకో."

"ముట్టుకోవద్దన్నారన్నా."

వరదయ్య అమృతవల్లి వైపు చూశాడు. ఆమె కాగితాల వైపు చూసింది. ఆ ఆదేశం చిత్తు కాగితంలోనే ఉంది: విచారణకు లోనైన వ్యక్తి యంత్రమును తాకరాదు.

"అయితే నువ్వు రామ్మా" అన్నాడు వరదయ్య, రెండో సాక్షిగా సంతకం పెట్టడానికి వచ్చిన అటెండరు కుప్పమ్మతో.

"ఇన్నేండ్లూ కాఫీ గలాసులు మోసినాను. ఇప్పుడు మోటారు కాలు పట్టుకోవాల్నా?" అంటూ కుప్పమ్మ కొంగు దోపుకుంది. "పోనీలే, ప్రమోషనొచ్చిందనుకుంటా."

మోటారు తలకాయ నుంచి నీళ్లలోకి దిగే పొడుగాటి భాగాన్నే వరదయ్య కాలు అంటున్నాడు. ఆ కాలు కింది సగాన్ని అయిదు బోల్టులు పట్టుకుని ఉన్నాయి. ఉప్పునీళ్లలో ఎప్పుడో తిరిగిన మోటారు కావడంతో వాటి చుట్టూ తెల్లటి సున్నం లాంటి పొర. వరదయ్య ఒక్కొక్క దాని మీద కిరసనాయిలు చుక్కలు వదిలి, సుత్తి మొనతో చుట్టూ తట్టి, కాసేపు ఊరుకున్నాడు. తొందరపడి తిప్పితే బోల్టు మెడ తెగుతుందని అన్నాడు. మూడు సులువుగా వచ్చాయి. నాలుగోదానికి చిన్న దీపంతో సెగ పెట్టవలసి వచ్చింది. అయిదోదాన్ని విప్పే ముందు గేరు కడ్డీ అతుకు విడదీసి, ఆ తరవాత అదీ తీసి, కుప్పమ్మ చేతుల కింద తన చెయ్యి కూడా పెట్టి, కింది సగాన్ని నిట్టనిలువుగా దించాడు. దానితోపాటు మూరెడు పొడుగు ఇనప కడ్డీ బయటికి వచ్చింది. కడ్డీ మొదట్లో పిడికిలంత పెట్టె.

"ఇదమ్మా పంపు" అన్నాడు. "కింద నీళ్లు పీల్చి, ఈ గొట్టంలో పైకి తోస్తాది. ఆ నీళ్లు మోటారు తలకాయంతా తిరిగి, సల్లబరిచి, ఎనకపక్క సన్నగా బయట పడతాయి. ఆ దారకు మావోళ్లు ఒక పేరు పెట్టినారు గానీ మీ కాయితంలో రాయలేరు."

"ఏం పేరు?" అంది కుప్పమ్మ.

"మోటారు ఒంటికి పోస్తా ఉండాది అంటారు."

కుప్పమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "సరైన పేరే. ఒంటికి రాకపోతే ఏ పేణం బతుకుతాది?"

అమృతవల్లి "చల్లబరచు నీటి ధార" అని రాసింది.

పెట్టె మీది నాలుగు మరలూ తీసి వరదయ్య మూత లేపాడు. లోపలి రబ్బరు చక్రాన్ని కడ్డీ మీద నుంచి జరుపుతూ పైకి తీసి, అరచేతిలో పెట్టుకుని, ఎండలోకి తిప్పాడు. కూజా మూతంత చక్రం. చుట్టూ ఆరు రెక్కలు ఉండవలసింది. మూడే ఉన్నాయి. ఉన్నవి కూడా ఒకే పక్కకు వంగి, బిగుసుకుపోయి, అంచులు అద్దంలా మెరుస్తున్నాయి.

"బురదేనా?" అని అడిగింది అమృతవల్లి.

"ఎవురు చెప్పినారు బురదని?"

వరదయ్య చక్రం తిరిగే స్టీలు గిన్నెను గుడ్డతో తుడిచి ఆమె ముందుకు చాపాడు. "బురద తాగిన పంపులు వెయ్యి సూసినాను. ఇసక గీసి గీసి ఈ గిన్నె లోపలంతా గాట్లు పెడతాది. ఏలు పెట్టి సూడండి."

ఆమె చూపుడువేలు గిన్నె లోపల చుట్టూ తిప్పింది. పూజకు తోమిన వెండిగిన్నెలా నున్నగా ఉంది. ఒకచోట మాత్రం కాలిన రబ్బరు నల్లగా అంటుకుని ఉంది.

"బురదైతే రెక్కల కొసలు అరుగుతాయి. ఇవి మొదలుకు తెగినాయి. కాలినాయి" అన్నాడు వరదయ్య. "ఈ రబ్బరుకు నీళ్లే నూనె. నీళ్లు లేకుండా నిమిషం తిరిగినా పాడవతాది. ఇది మూడు నాలుగు నిమిషాలు తిరిగుంటాది. అప్పుడే పూర్తిగా ఊడిపోదు. మళ్లీ నీళ్లలో పెడితే కొంచెంసేపు పని చేస్తాది. ఆ పైన ఒక్కో రెక్కే తెగతాది."

"ఏట్లో నీళ్లు లేకుండా ఎట్లా తిరుగుతుంది?"

"ఏట్లో కాదమ్మా. గట్టున. ఎవురో స్టాండు మీద పెట్టి ఒట్టిగా స్టార్టు చేసినారు."

కుప్పమ్మ నవ్వు ముఖంలోనే ఆరిపోయింది. మునెయ్య తలవంచుకుని కాలి బొటనవేలితో గచ్చు మీది ఎండిన బురద పెంకును అదిమాడు. ఆయుధపూజ అన్న మాట ఎవరూ అనలేదు. ఆ ఆఫీసులో ఏటా ఆయుధపూజ జరిపేది అమృతవల్లి. తరతరాలుగా పెరుమాళ్ల సేవలో ఉన్న ఇంటిలో పుట్టిన మనిషి గనక ఆ పని ఆమెదని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. ఈ ఏడు జీపుకూ, జనరేటరుకూ, ఈ మోటారుకూ గంధం పెట్టి, హారతి ఎత్తి, పూజ అందుకున్న యంత్రం ఒక్కసారైనా పలకాలని చెప్పి మూడింటినీ ఒకేసారి స్టార్టు చేయించింది. మంగళం పూర్తయ్యేదాకా అవి పలుకుతూనే ఉన్నాయి. మంగళంలో నాలుగు చరణాలు.

ఆమె కలం కాగితం మీద ఆగినచోట సిరా చిన్న మచ్చ కట్టింది.

వరదయ్య పోయిన రెక్కల కోసం వెతకసాగాడు. ఒకటి పెట్టె మూలలో దొరికింది. సన్నటి ఇత్తడి తీగకు కొస వంచి నీటి గొట్టంలోకి దింపి, చెవి దగ్గర పెట్టుకుని కదిలించి, ఇంకొకటి లాగాడు. ఆరోదానికి అరగంట పట్టింది. "లెక్క సరిపోయేదాకా మూయగూడదమ్మా. ఒక ముక్క లోపల ఉన్నా కొత్త చక్రం ఏసి లాభం లేదు. దారి అడ్డం పడితే మళ్లీ ఇదే కథ" అన్నాడు. ఆమె పంచె మీద ముక్కలను వరుసగా పేర్చింది. గిన్నెలో గాట్లు లేవనీ, రబ్బరు కాలి మెరుపు తేలినదనీ, తెగిన మూడు రెక్కలు దొరికినవనీ రాసింది. కారణం రాయలేదు. పైకి చదివి వినిపించినప్పుడు మునెయ్య, "సరేమ్మా" అని సంతకం పెట్టాడు.

*

మర్నాడు చెన్నై నుంచి లోకల్ రైల్లో కొత్త చక్రం, గిన్నె, రబ్బరు వాషర్లు వచ్చాయి. వరదయ్య వాటిని బిగించడానికి కూర్చునే వేళకు అమృతవల్లి త్రివిక్రమ్ గదిలో ఉంది.

ఆమె ఇచ్చిన వాంగ్మూలం ఒకటిన్నర పేజీ. ఆయుధపూజ తేదీ, స్టార్టు చేయించిన యంత్రాలు, పట్టిన సమయం, మెకానిక్కు అభిప్రాయం, పంపు చెడడానికీ పూజకూ ఉన్న సంబంధం. చివరిలో ఇట్లా రాసింది: "నీరు లేకుండా నడిపిన పంపు చెడునని నాకు తెలియక ఈ ఆదేశము ఇచ్చితిని. బాధ్యత నాది."

త్రివిక్రమ్ రెండుసార్లు చదివాడు. ముప్ఫై రెండేళ్లవాడు. చెడ్డవాడు కాడు. వరదనాడు నడుంలోతు నీళ్లలో తనే బియ్యం బస్తా మోశాడు. అతని కాళ్లకు వరద నీళ్ల పుండ్లు ఇంకా మానలేదు. బల్ల కింద చెప్పులు విడిచి కూర్చున్నాడు.

"ఎన్ని నెలలుంది మేడమ్, రిటైర్మెంటుకు?"

"పద్నాలుగు."

"మీరు తెలియక చేశానని రాశారు. నిజమేనా?"

"నిజమే సార్."

"నాకూ తెలియదు. నేనూ ఆ పూజలో ఉన్నాను. తహసీల్దారుగారు కొబ్బరికాయ కొట్టారు, ఆయనకీ తెలియదు. మనలో ఎవరం మోటారు పనివాళ్లం కాము." అతను కాగితాన్ని నిటారుగా సర్దాడు. "తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. పులికాట్లో పుట్టి పెరిగినవాడు. స్టార్టు చేసింది కూడా అతనే. అమ్మా, ఇట్లా చేయకూడదు అని ఒక్క మాట చెప్పవచ్చు కదా?"

అమృతవల్లి కాగితం అడుగున ఉన్న తన సంతకం వైపు చూసింది.

"చెప్పలేదు. అంటే అజాగ్రత్త అతనిదే అయింది. నేను బురద అని రాసినది తప్పు, ఒప్పుకుంటాను. దిద్దుతాను. మీ కాగితం కూడా జత చేస్తాను. ఇది బురద కన్నా గట్టిగా నిలబడుతుంది." అతను నిజంగానే కృతజ్ఞతతో చూశాడు. "మీరు మనసులో పెట్టుకోకండి. తెలియనిదానికి ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

ఆమె వరండా దాటి గచ్చు వైపు నడిచింది. మునెయ్య మీది బరువు దించడానికని ఇచ్చిన కాగితమే అతని మీద రెండో బరువై పడింది. తన తెలియకపోవడం ఎంత నిజమో, మునెయ్య నేరం అంత రుజువు. ఆ తర్కంలో ఎక్కడా ఖాళీ లేదు. ఆమె తనే రాసి ఉంటే కూడా అట్లాగే రాసేది.

గచ్చు మీద వరదయ్య కొత్త చక్రానికి సబ్బునీళ్లు పూస్తున్నాడు. కడ్డీ మీది చిన్న గాడిలో గోరంత ఇనప చీల పెట్టి, చక్రాన్ని దాని మీదికి జార్చి, గిన్నెను పైనుంచి మెల్లగా నొక్కుతూ, రెండో చేత్తో కడ్డీని కుడివైపుకే తిప్పాడు. రెక్కలు ఒక్కొక్కటీ వంగి లోపలికి సర్దుకున్నాయి.

"ఎదురు తిప్పితే?" అని అడిగింది.

"ఒకటి అటు, ఒకటి ఇటు వంగి మొదట్లోనే మడత పడతాయి. తిరిగే దిక్కుకే వంచి పెట్టాల."

"వరదయ్యా, ఒక మాట అడుగుతాను. ఒట్టిగా తిప్పకూడదని పడవ నడిపేవాళ్లకు తెలుస్తుందా?"

అతను తలెత్తకుండా నవ్వాడు. "మా సరస్సులో కడుపులో బిడ్డకు గూడా తెలుసమ్మా."

కాలు మళ్లీ తలకాయకు చేరింది. కడ్డీ కొసకు గ్రీజు, గొట్టం సూటి, గేరు కడ్డీ అతుకు, అయిదు బోల్టులు. కుప్పమ్మ నీలం డ్రమ్ములో కుళాయి గొట్టం పెట్టి నింపింది. కాలు మునిగేదాకా ఆగి వరదయ్య తాడు లాగాడు. మూడో లాగుకు మోటారు అందుకుంది. పది లెక్కపెట్టేలోగా వెనక నుంచి సన్నటి ధార దూకి డ్రమ్ము అంచును తాకింది. వరదయ్య అందులో వేలు పెట్టి వేడి చూశాడు. "బతికింది" అన్నాడు. కుప్పమ్మ కూడా వేలు పెట్టింది. ఒక పూట పని, అరచేతిలో పట్టే రబ్బరు.

ఆ రోజు మిగిలినంతసేపూ అమృతవల్లికి మునెయ్య మీద కోపం వచ్చింది. తెలిసి తెలిసి నోరు ఎందుకు మూసుకున్నాడు? ఒక్క మాట. ఆ ఒక్క మాట అని ఉంటే పోలేరమ్మ ఇవాళ బియ్యం ఏరుకుంటూ ఉండేది. కోపం వచ్చినకొద్దీ ఊపిరి తేలికయింది. ఆ తేలికదనాన్ని చూసి ఆమెకు అనుమానం కలిగింది. మనిషిని అడగకుండా మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఆమె చదువుకు సరిపడే పని కాదు.

*

ఆదివారం ఉదయం సూళ్లూరుపేటలో బస్సు మారి, సరస్సు అంచున ఉన్న పడమటిపాళెంలో దిగింది. నీళ్లు ఇంకా రోడ్డుకు దగ్గరగానే ఉన్నాయి. మునెయ్య ఇంటి ముందర, ఎండలో, చిరిగిన వల కాలి బొటనవేలికి తగిలించుకుని ముడులు వేస్తున్నాడు. ఆమెను చూసి లేవబోయి, వల అడ్డం పడి, మళ్లీ కూర్చున్నాడు. అతని భార్య ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, కొంగుతో తుడిచి, మాట్లాడకుండా వీధి కొట్టుకు పోయి మూత తియ్యని సోడా ఒకటి తెచ్చి ఇచ్చింది. తమ ఇంటి నీళ్లు తాగుతుందో తాగదో అడగవలసిన అవసరం రాకుండా. అమృతవల్లికి అది అర్థమయింది. సోడా చేతిలోనే పట్టుకుంది.

"నిన్ను ఒక మాట అడగాలని వచ్చాను మునెయ్యా."

"అడగండమ్మా."

"పూజనాడు, ఒట్టిగా స్టార్టు చేస్తే పంపు పోతుందని నీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు?"

మునెయ్య వేస్తున్న ముడి పూర్తిచేసి, దారం పంటితో తెంపాడు. తరవాత ఆమెను చూశాడు. నిందతో కాదు, ఎదుటి మనిషి పరాచికం ఆడుతోందో, నిజంగానే అడుగుతోందో తేల్చుకోవడానికి చూసినట్టు.

"చెప్పినాను గదమ్మా."

"ఎవరికి?"

"మీకే. మీరు హారతి పళ్లెం పట్టుకోనుండారు. ఎనకాలొచ్చి నిలబడి, అమ్మా, దీన్ని నీళ్లు లేకుండా తిప్పగూడదు, డ్రమ్ములోనన్నా పెడదాం అన్నాను. మీరు ఎడమచెయ్యి ఎత్తినారు." మునెయ్య తన చెయ్యి ఎత్తి చూపించాడు. వేళ్లన్నీ దగ్గరగా, అరచెయ్యి బయటికి, భుజం ఎత్తున. ఎత్తిన తీరులో విసురు లేదు, కోపం లేదు. అది ఆమె చెయ్యి. ఫైళ్లు పట్టుకుని ఇద్దరు ఒకేసారి మాట్లాడినప్పుడు, కొడుకు ఫోను మధ్యలో కోడలు ఏదో అడిగినప్పుడు, పూజలో ఎవరైనా పలికినప్పుడు ఆమె ఎత్తే చెయ్యి. దాన్ని ఇన్నేళ్లలో ఎన్నడూ ఎదుటి నుంచి చూడలేదు.

"నోటితో ఏమీ అన్లేదు మీరు. నేను పోయి తాడు లాగినాను" అన్నాడు మునెయ్య.

"నాకు వినిపించలేదేమో."

"అయ్యుండొచ్చమ్మా. జనరేటరు మోత గదా."

అతను ఆమెకు ఇచ్చిన దారి అది. ఆమె ఆ దారిలో ఒక్క క్షణం నిలబడి చూసింది. జనరేటరు, జీపు, మోటారు మూడూ ఒకేసారి స్టార్టయ్యాయి. మోటారు స్టార్టు కాకముందు అతను చెప్పాడంటే అప్పటికి జనరేటరూ పలకలేదు.

"తరవాతనైనా చెప్పలేకపోయావా? వరద వచ్చేదాకా నెలన్నర ఉంది."

"ఒకసారి చెయ్యెత్తినాక మళ్లీ యాడ చెప్పేదమ్మా."

గుమ్మంలో నిలబడిన భార్య మొదటిసారి మాట్లాడింది. "ఆ దినమే ఇంటికొచ్చి, రబ్బరు కాలిన వాసనొచ్చిందన్నాడు. నేనే అన్నాను, ఆఫీసోళ్ల మోటారు ఆఫీసోళ్లు సూసుకుంటారు, మనకెందుకు, ఉన్న పని పోగొట్టుకుంటావా అని." ఆమె మొగుడి వైపు చూడకుండా అంది. "ఏట్లో ఇట్లయితాదని ఎవురనుకున్నారు?"

"ఏట్లో నీకు తెలియలేదా, పంపు ఆగిందని?" అమృతవల్లి గొంతు తగ్గింది.

"తెలిసింది. దార సన్నబడింది. అప్పుడు ఆపుంటే బతికేది మోటారు. చల్లారినాక మళ్లీ కొంచెం తిప్పుకోవచ్చు." మునెయ్య వలను వేళ్లతో సాపు చేశాడు. "ఆ ముసిలామె కప్పు మీద నిలబడుకోని కొంగు ఊపతా ఉన్నింది. ఆపబుద్ధి కాలేదు. పోనీ పోనీ అని తోసినాను. అది నా తప్పే."

"విచారణలో ఈ మాటలన్నీ ఎందుకు చెప్పలేదు మరి? నేను చదివి వినిపించినప్పుడు?"

మునెయ్య మళ్లీ ముడి అందుకున్నాడు. "మీరే రాస్తా ఉండారు గదమ్మా. మీకు తెలుసనుకున్నా. తెలిసీ రాయడం లేదనుకున్నా."

సరస్సు వైపు నుంచి గాలి వచ్చి వల అంచు లేచింది. అతను కాలితో తొక్కి పట్టాడు. అమృతవల్లి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఒక పాఠాన్ని చివరి నుంచి మొదటికి నెమరువేసినట్టు వెనక్కి పోయింది. కర్పూరం సెగ కుడిచేతి వేళ్ల మీద. తహసీల్దారు కొట్టిన కొబ్బరికాయ రెండో చిప్ప దొర్లిపోయిన చోటు. తన గొంతులో మంగళం మొదటి చరణం. ఆ చరణం నడుమ ఎడమ భుజం కండరం లేచిన గుర్తు. మాట గుర్తు రాలేదు. ఎవరిదీ గుర్తు రాలేదు.

సోడా బుడ్డి కుర్చీ పక్కన నేల మీద పెట్టి, "మంచినీళ్లు ఇస్తావా అమ్మా" అని మునెయ్య భార్యను అడిగింది. ఆమె లోపలికి పోయి స్టీలు చెంబుతో తెచ్చింది. నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయి. అమృతవల్లి మొత్తం తాగింది. దానివల్ల ఏమీ తగ్గలేదు.

*

సోమవారం ఆమె పదింటికి ముందే వచ్చి రెండో వాంగ్మూలం రాసింది. మొదటి దానిలోని వాక్యాలు దాదాపు అన్నీ అట్లాగే ఉంచింది. "నాకు తెలియక" అన్నచోట ఆగి, దాన్ని వదిలేసి, ఇట్లా రాసింది: "పంపు చెడునని మునెయ్య పూజా సమయమున నాకు ముందుగానే చెప్పెను. నేను చెయ్యెత్తి అతనిని ఆపితిని. పిమ్మట అతడు నా ఆదేశము ప్రకారము స్టార్టు చేసెను." మూడు ప్రతులు తీసింది.

పై అధికారికి ఇచ్చే కాగితాన్ని ముందు ఆయనకు చూపించి, ఆయన సరేనన్నాక రిజిస్టరులో నంబరు వేయడం ఆ ఆఫీసు అలవాటు. అట్లా కావడంవల్ల నచ్చని కాగితాలకు నంబరు పడదు. నంబరు పడని కాగితం పుట్టనట్టే లెక్క. ఆ అలవాటును ఇరవై ఏళ్లు కాపాడినది కూడా అమృతవల్లే. ఆమె తపాలు రిజిస్టరు తీసి, తేదీ కింద తన పేరు, విషయం, పేజీల సంఖ్య రాసి, నంబరు వేసి, స్టాంపు కోసం చెయ్యి చాపింది.

"సార్ సూసినాక గదమ్మా ఏసేది?" అంది కుప్పమ్మ, స్టాంపును సిరా దిండు మీద అద్దుతూ.

"ఈసారి ముందే."

కుప్పమ్మ కాగితం మీదికి వంగి చదవడానికి చూసి, చదువు రాక, ఆమె ముఖం చదివింది. తరవాత మూడు ప్రతుల మీదా గట్టిగా ముద్ర వేసింది. రెండో ప్రతి కలెక్టరు ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో. మూడోది అర్జీ పెట్టిన పోలేరమ్మ కూతురికి.

త్రివిక్రమ్ మొదట నంబరు చూశాడు. తరవాత చదివాడు. చదువుతున్నకొద్దీ కుర్చీలో ముందుకు జరిగాడు.

"శుక్రవారం తెలియక అన్నారు."

"అప్పుడు అది నిజమని అనుకున్నాను సార్."

"ఇది జత చేస్తే ఏమవుతుందో తెలుసా? సస్పెన్షను. పింఛను ఆగుతుంది. కేసు మీ మీద పడుతుంది." ఆ గొంతులో బెదిరింపు లేదు, భయమే ఉంది. "అతను ఉద్యోగం కోసం అబద్ధం చెప్పి ఉండవచ్చు కదా. మీకు నిజంగా గుర్తుందా, అతను ఆ మాట అన్నట్టు?"

"మాట గుర్తులేదు."

"మరి?"

"చెయ్యి ఎత్తడం గుర్తుంది."

"మాట గుర్తులేనప్పుడు అన్నాడని ఎట్లా రాస్తారు మేడమ్?"

అమృతవల్లి కాసేపు అతని బల్ల కింద చెప్పుల్లేని పాదాల వైపు చూసింది. ఏ పుండు ఏ నీళ్లవల్ల అయిందో అతనికి తెలుసు గనక, ఈ ప్రశ్నకు జవాబు కూడా అర్థమవుతుందని ఆమెకు అనిపించింది.

"ఎవరూ మాట్లాడకపోతే, చెయ్యి ఎత్తవలసిన పని నాకేముంది సార్?"

బయట ఎవరో జీపు హారను కొట్టి ఆపేశారు. త్రివిక్రమ్ కాగితాన్ని ఫైల్లో పెట్టి, దారం కట్టి, ముడి రెండుసార్లు వేశాడు. మునెయ్య మీద పోలీసులకు రాయనని అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆమెను చూడలేదు. తరవాత, ఇన్నాళ్లూ మేడమ్ అని పిలిచిన మనిషిని ఏమని పిలవాలో తెలియనట్టు కొంచెం తడబడి, "గిడ్డంగి తాళాలు ఇచ్చి వెళ్లండి" అన్నాడు.

ఆమె నడుముకు దోపుకున్న గుత్తి తీసి, ఏ తాళం ఏ గదిదో ఒక్కొక్కటిగా చెబుతూ బల్ల మీద పరిచింది. అన్నీ చెప్పేదాకా అతను వింటూ కూర్చున్నాడు.